మూడు చీటీలు, ఒక నిషేధం

బొమ్మలు వేసే అలవాటున్న ప్రతివాళ్ల చేతికీ ఒక సొంత ముఖం ఉంటుంది. ఏమీ ఆలోచించకుండా పెన్సిల్ పట్టుకుంటే కాగితం మీదికి అదే వచ్చేస్తుంది. నాకు వచ్చేది కాస్త పక్కకు తిరిగిన ఓ అమ్మాయి. పెద్ద కళ్లు, సన్నటి ముక్కు, భుజం మీద నుంచి ముందుకు వేసుకున్న జడ. ఫోన్ మాట్లాడుతూ గీసినా, ఆఫీసు కాగితాల వెనక గీసినా ఆ పిల్లే. చీర మారుస్తాను, జడ తీసి ముడి వేస్తాను, చేతికి గొడుగు ఇస్తాను. అయినా ఆ పిల్లే. కాకినాడలో ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం నాది, సాయంత్రాలు మాత్రమే బొమ్మలు. డబ్బు కోసం వేసేవి కావు కాబట్టి మార్చమని ఎవరూ అడగలేదు. ఏళ్ల తరబడి ఆ పిల్ల అలాగే ఉండిపోయింది.

సొంత పాత్రను తయారుచేయాలంటే, అంటే సినిమాలోనో పురాణంలోనో ఉన్నవాళ్లను దించకుండా ఇంతకుముందు లేని ఒక మనిషిని పుట్టించాలంటే, ముందు ఆ పిల్లను పక్కకు జరపాలి. అందుకు నేను పట్టుకున్న దారి చీటీలు తీయడం. ఏ పనిచేసే మనిషిని వేయాలో, ఆ మనిషికి ఏ వస్తువుతో సంబంధమో, మనసులో ఏముందో చీటీలే చెప్తాయి. నాకు మిగిలేది ఆ మూడింటికీ పొత్తు కుదర్చడం.

ఇలా సంబంధం లేని మాటలు కలిపి ఇచ్చే జనరేటర్లు ఇంటర్నెట్‌లో బోలెడు ఉన్నాయి. బటన్ నొక్కితే 'ఎడారి మాంత్రికుడు, పుట్టగొడుగు, గర్వం' అని వస్తుంది. మొదట కొన్నాళ్లు అవే వాడాను. చిక్కేమిటంటే, కవచం తొడుక్కున్న యోధుడు కుర్చీలో ఎలా కూర్చుంటాడో, మోకాలి దగ్గర ఆ ఇనప రేకు ఎటు వంగుతుందో నాకు తెలియదు. తెలియనప్పుడు చెయ్యి ఊరుకోదు కదా, ఎక్కడో చూసిన వీడియో గేమ్ బొమ్మను గుర్తు తెచ్చుకుని దించేస్తుంది. అదే 'ఇస్త్రీ బండి' అని వచ్చిందనుకోండి, బొగ్గుల పెట్టె ఎత్తినప్పుడు మోచెయ్యి ఎంత పైకి లేస్తుందో నాకు తెలుసు. నీళ్లు చిలకరించేటప్పుడు ఎడమ చేతి వేళ్లు ఎలా విచ్చుకుంటాయో తెలుసు. కలయిక ఎంత వింతగా ఉన్నా ఫర్వాలేదు, కలిసే మాటలు మాత్రం మా వీధివే అయి ఉండాలని అప్పుడు అనిపించింది.

చీటీలు రాసే పని మా అన్నయ్య కూతురికి అప్పజెప్పాను. తొమ్మిదో తరగతి. రాముడు సీత ఆట ఆడి ఆడి, లోపల ఏముందో కనపడకుండా చీటీ మడవడంలో దాని చెయ్యి తిరిగింది. మా అమ్మ పక్కన పడేసిన మూడు స్టీలు డబ్బాలు తీసుకున్నాం. మొదటి డబ్బాలో పనులు: సోడా బండి, తాళాలు బాగుచేయడం, లైట్‌హౌస్ కాపలా, లిఫ్ట్ ఆపరేటర్, పోస్ట్ మాస్టర్, ఉప్పు మడిలో కూలి. రెండో దాంట్లో వస్తువులూ జీవాలూ: నత్త, తేనెపట్టు, వెదురు నిచ్చెన, పగిలిన గడియారం, గంగిరెద్దు. మూడో దాంట్లో మనసు. డబ్బాకు 30 చీటీలు. మూడింట్లోంచి ఒక్కొక్కటి తీస్తే 27,000 రకాల కలయికలు వస్తాయి, రోజుకొకటి వేసినా డెబ్బై ఏళ్లు దాటుతుంది. లెక్కల ఉద్యోగం కాబట్టి ఇది మొదటి రోజే చూసుకున్నాను.

మూడో డబ్బాతో కొంచెం తంటా వచ్చింది. పిల్ల స్కూలు వ్యాసాల అలవాటులో 'స్వేచ్ఛ', 'ప్రేమ', 'అందం', 'పట్టుదల' అని రాసింది. స్వేచ్ఛ అని వస్తే ఎవరైనా చేతులు చాపి నిలబడ్డ మనిషినే వేస్తారు, వెనక రెండు పక్షులు. పట్టుదలకు బిగించిన పిడికిలి. అలాంటి మాటలు బొమ్మను సగం వేసేసి మన చేతికిస్తాయి. అవన్నీ తీసేసి, మనిషి ఒక గంటసేపు మనసులో తిప్పుకునేవి రాయమన్నాను. 'అప్పు తీర్చాలి', 'బస్సు తప్పిపోతుందేమో', 'ఎవరి కంటా పడకూడదు', 'ఆకలేస్తోంది, అడగలేదు'. వీటిలో దేనికీ ముందే సిద్ధంగా ఉన్న భంగిమ లేదు. ఇంకో నియమం, బొమ్మ అయ్యేదాకా తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేయకూడదు. నచ్చలేదని ఇంకొకటి తీస్తే చెయ్యి మళ్లీ తనకు ఇష్టమైన చోటికే పోతుంది. ఈ నియమానికి కాపలా కూడా మేనకోడలే.

మా నాన్న రిటైరైన తెలుగు మేష్టారు. వరండాలో పేపరు చదువుకుంటూ మా సందడి విని, "ఇది దత్తపదే కదమ్మా" అన్నారు.

నిజమే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అవధానిని ఇబ్బంది పెడతారు. అందులో దత్తపది ఇచ్చే ఆయన పని, ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా తను చెప్పిన విషయం మీద పద్యం చెప్పమనడం. కారు, బస్సు లాంటి మాటలిచ్చి భారతార్థంలో చెప్పమంటారు. చేతకానివాడు కురుక్షేత్రంలోకి కారు తోలుకొస్తాడు. చేతనైనవాడు 'కౌరవులు మనవారు కారు' అనేస్తాడు. ఇచ్చిన మాట పద్యంలో ఉంటుంది, అతుకు మాత్రం కనపడదు. చిన్నప్పుడు నాన్న వెంట అవధాన సభలకు వెళ్లినప్పుడు జనం చప్పట్లు కొట్టేది ఇలాంటి చోటే.

"దత్తపది ఒక్కటీ చాలదు, నిషిద్ధాక్షరి కూడా పెట్టుకోండి" అని కూడా ఆయనే అన్నారు. అందులో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి అది వాడకూడదంటాడు. మనసులో తయారుగా ఉన్న మాట అక్కడికక్కడే తెగిపోతుంది. అవధాని ఇంకో దారి వెతుక్కోవాలి. అది పట్టగానే మళ్లీ నిషేధం. మా ఇంట్లో ఆ పీట మేనకోడలికే ఇచ్చాం. పెన్సిల్ బొమ్మ చూసి ఒకటి కాదనొచ్చు, రంగులు మొదలుపెట్టే ముందు ఇంకొకటి కాదనొచ్చు. మధ్యలో సంబంధం లేని మాటలతో ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగం మాత్రం ఎవరూ నియమించకుండానే మా అమ్మ చేస్తుంది. సరిగ్గా ముక్కు గీత దగ్గర ఉన్నప్పుడు, "గ్యాస్ బుక్ చేశావా?" అంటుంది.

చీటీల వల్ల బొమ్మ మొదలవుతుందే గానీ, దాన్ని నాదిగా చేసింది ఈ రెండో ఆట. అది ఎలాగో ఒక బొమ్మ మీద చెప్తాను.

వచ్చిన చీటీలు ఇవి: ఇస్త్రీ చేసే మనిషి, నత్త, 'బస్సు తప్పిపోతుందేమో'.

ముందు అగ్గిపెట్టె అంత గడులు గీసుకుని, వాటిలో లోపలి గీతలు లేకుండా ఉత్త నల్లటి ఆకారాలు వేస్తాను. బ్రష్ పెన్ అయితే సులువు. ముఖం, నగలు, బట్టల డిజైను ఏవీ లేకుండా ఆ నల్ల మచ్చను చూసి ఎవరో పోల్చుకోగలిగితేనే ముందుకు వెళ్లాలి. యానిమేషన్ నేర్పేచోట మొదట్లోనే చెప్పే పాఠాల్లో ఇదొకటి. మన తోలుబొమ్మలాట వాళ్లకు మాత్రం ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు, జుట్టుపోలిగాడు తెర మీదికి వస్తే మాట వినకముందే ఆ ఆకారానికి నవ్వొస్తుంది. గుండ్రటివి మంచివాళ్లకు, చతురస్రాలు మొండివాళ్లకు, త్రికోణాలు ప్రమాదకరమైనవాళ్లకు అని ఇంకో పాఠం కూడా చెప్తుంటారు. మొదట్లో దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు అంతగా నమ్మను. మా వీధిలో అందరికంటే కోపిష్ఠి మనిషి బంతిలా ఉంటాడు.

మొదటి గడిలో నత్త గుల్ల స్థానంలో ఇస్త్రీ పెట్టె పెట్టాను. కింద చిన్న కాళ్లు, పైన చీర కొంగు. పిల్ల పడీ పడీ నవ్వింది. బాగానే ఉంది, కానీ అది కురుక్షేత్రంలో కారు. రెండో గడిలో నత్త ఆమె భుజం మీద కూర్చుంది, అది ఇంకా సులువు. అక్కడ ఆపి బొమ్మ వదిలేసి, ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టాను. నత్త వీపు మీద ఏముంటుంది? ఇల్లు. ఇస్త్రీ ఆమె వీపు మీద ఏముంటుంది? మూట. ఎవరిది? అందరిదీ. ఆ మూట గుల్ల ఆకారంలోకి ఎలా వస్తుంది? బట్టల్ని ఒకదాని మీద ఒకటి వేసి చుట్టచుడితే, పక్కనుంచి చూసినప్పుడు అచ్చం నత్త గుల్ల మీది సుడే కనిపిస్తుంది.

కానీ ఇస్త్రీ చేసిన బట్టల్ని ఎవరూ చుట్టచుట్టరు, మడత పాడైపోతుంది. కాబట్టి అవి ఇంకా ఇస్త్రీ కానివి. అంటే ఇది పొద్దున, ఇళ్ల నుంచి బట్టలు పోగుచేసుకుని బండి దగ్గరికి వెళ్తున్న సమయం. ఇలాంటి చిన్న అభ్యంతరాలు బొమ్మకు చాలా మేలు చేస్తాయి, బొమ్మలో టైము ఎంతయిందో వాటివల్లే తేలింది. పొద్దున కాబట్టి నీడలు పొడుగ్గా ఉంటాయి. పొద్దున కాబట్టి బస్సు స్కూలు బస్సు అయి ఉంటుంది. అప్పుడు సుడి నడిబొడ్డున ఏముండాలో తెలిసింది. పైన పరుపు దుప్పటి, దాని కింద ఎవరిదో లుంగీ, ఖాకీ ప్యాంటు, తెల్ల పంచె, చీర, అన్నిటికంటే లోపల ఆమె కూతురి స్కూలు యూనిఫాం. అందరి బట్టలూ విప్పితే గానీ అది చేతికి రాదు. బస్సు వచ్చేలోగా అది ఇస్త్రీ అవ్వాలి. మూడు చీటీలూ ఒకే మనిషిలో కలిసిపోయాయి.

పెన్సిల్ బొమ్మలో ఆమెను పరిగెత్తిస్తూ వేశాను. ఒక కాలు గాల్లో, కొంగు వెనక్కి ఎగురుతూ.

"పరిగెత్తకూడదు అత్తా" అంది పిల్ల. మొదటి నిషేధం.

తొందరలో ఉంది, కానీ పరిగెత్తకూడదు! చాలాసేపు విసుగేసింది. తర్వాత నిలబడి, పరుపు చుట్ట వీపు మీద వేయించుకుని హాల్లో అటూ ఇటూ నడిచాను (అమ్మ గ్యాస్ సంగతి మానేసి నా ఆరోగ్యం గురించి అడిగింది). అంత బరువు కింద ఎవరూ పరిగెత్తరు. పాదం మొత్తం నేలకు ఆనుతుంది, మోకాళ్లు వంగే ఉంటాయి. తొందరంతా మెడలోకి వస్తుంది. గడ్డం ముందుకు చాచుకుని, కళ్లు ఒంటికంటే నాలుగడుగులు ముందు వెళ్తుంటాయి. అలా గీయగానే నత్త ఇంకోసారి వచ్చేసింది. గుల్ల కింద నుంచి ముందుకు సాగిన మెడ అది. నత్తకుండే కొమ్ముల కోసం కొప్పులో రెండు పూలకాడలు కూడా దోపాను గానీ వెంటనే చెరిపేశాను. గుల్ల ఉంది, మెడ ఉంది, ఇంకో గుర్తు కూడా పెడితే చూసేవాళ్లను వేలు పట్టి నడిపించినట్టు అవుతుంది.

రంగుల దగ్గర రెండో నిషేధం వచ్చింది. "నీలం వాడొద్దు."

పిల్లకు తెలిసే అంది. యూనిఫాం నీలమని నేను అప్పటికే చెప్పి ఉన్నాను. నేను వాడేది గువాష్. వాటర్ కలర్ లాంటిదే, కానీ కింద ఉన్నదాన్ని కప్పేంత చిక్కగా వేయొచ్చు. పోస్టర్ కలర్లు వాడినవాళ్లకు చెయ్యి తొందరగా అలవాటవుతుంది. దీనికి నేను స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరు మీద ఉన్న నాలుగు రంగుల పద్ధతి తీసుకున్నాను: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ ఎరుపు, ఐవరీ బ్లాక్, తెలుపు. ఇందులో నీలం ట్యూబు లేదు. నలుపులో తెలుపు కలిపితే బూడిద రంగు వస్తుంది, నిజమే. కానీ దాని చుట్టూ ఓకరూ ఎరుపూ కలిసిన వెచ్చటి రంగులు ఉన్నప్పుడు మన కన్ను ఆ బూడిదను నీలంగా చదువుకుంటుంది. విడిగా ఒక కాగితం ముక్క మీద వేస్తే ఉత్త సిమెంటు రంగు. ఇటుక రంగు చీరకూ ఖాకీకీ మధ్యలో పెట్టగానే స్కూలు యూనిఫాం. నీలం ట్యూబు చేతిలో ఉండి ఉంటే ఆ యూనిఫాం అన్నిటికంటే గట్టిగా అరిచేది. నీలం లేకపోవడం వల్ల సుడి లోపలికి నెమ్మదిగా చల్లబడుతూ వెళ్లి అక్కడ ఆగింది. పక్కన బొగ్గుల నలుపు కూడా అదే ట్యూబులోంచి వచ్చింది కాబట్టి బొమ్మంతా ఒక ఇంటి మనుషుల్లా కలిసింది.

ఆమెకు చుట్టాలమ్మ అని పేరు పెట్టింది మేనకోడలే.

ప్రతి చీటీకీ ఇంత కథ నడవదు. లిఫ్ట్ ఆపరేటర్, గంగిరెద్దు, 'ఆకలేస్తోంది, అడగలేదు' అని వచ్చినప్పుడు చాలా తేలిగ్గా అయిపోయింది. ఏ అంతస్తు అన్నా తల ఊపే పెద్దాయన, మెడలో గవ్వల పట్టీ, గవ్వల మీద అంతస్తుల అంకెలు. ఇంట్లో అందరికీ, ఆఫీసులో చూసినవాళ్లందరికీ ఇప్పటికీ అదే నచ్చుతుంది. నాకు మాత్రం అందులో గంగిరెద్దు తగిలించినట్టు ఉంటుంది. ఆకలి ఎక్కడా లేదు కూడా. పిల్లకు ఆ రోజు పరీక్ష ఉండి నిషేధాలేవీ పెట్టలేదు.

రంగుల పరంగా నన్ను ఎక్కువ సతాయించింది లైట్‌హౌస్ బొమ్మ. చీటీలు: లైట్‌హౌస్ కాపలా, తేనెపట్టు, 'ఎవరి కంటా పడకూడదు'. ఊరందరికీ కనిపించే దీపం వెలిగించేవాడు, తను మాత్రం ఎవరికీ కనపడకూడదనుకుంటాడు. మాకు వాకలపూడిలో లైట్‌హౌస్ ఉంది కాబట్టి ఆ ఎత్తు, ఆ గాలి కొత్తవేమీ కావు. మనిషిని చాలా పొడుగ్గా, భుజాలు ముందుకు వంచుకుని, ప్రతి గుమ్మం దగ్గరా తల దించుకునే అలవాటు పడినవాడిగా వేశాను. దాక్కోవాలనుకునేవాడికి ఆరడుగుల పైన ఒడ్డూ పొడుగూ ఇవ్వడం నాకు నచ్చింది. తేనెపట్టుకు దారి కూడా వెంటనే దొరికింది. తేనె తీసేవాళ్లు ముఖానికి వేసుకునే వల వేశాను. ముఖం దాగింది, తేనె వచ్చింది.

"మొహం దాచకూడదు" అంది పిల్ల.

నిషిద్ధాక్షరిలో మంచి పృచ్ఛకుడు ఉంటే అవధానం రక్తి కడుతుందని నాన్న అంటుంటారు. ఆ రోజు ఆయన నా వైపు చూసి నవ్వారు గానీ సాయం చేయలేదు.

లైట్‌హౌస్ దీపం చుట్టూ ఉండే గాజు గురించి చదవడం మొదలుపెట్టాను. 1820లలో ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అనే శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. ఒకే మందపాటి గాజు భూతద్దం బదులు, గాజును వలయాలుగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కోణంలో చట్రంలో బిగిస్తారు. చెల్లాచెదురుగా పోయే వెలుగును అవన్నీ కలిసి ఒకే వైపు తిప్పుతాయి. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు కావలసింది ఎదురుగా కనిపించింది. అరలు అరలుగా ఉన్న గాజు, లోపల పసుపు వెలుగు. తేనెపట్టు అదే. అసలు లెన్సులో గాజులు ఆరు మూలల అరలుగా ఉండవు, వంపు తిరిగిన పట్టీలుగా ఉంటాయి. ఇక్కడ నేను చొరవ తీసుకుని కొన్నిటిని అరలుగా మార్చాను.

ఇక మనిషి ఏం చేస్తున్నాడు? గుడ్డతో ఆ గాజు తుడుస్తున్నాడు. మనకు వీపు చూపించి నిలబడ్డాడు, ఎదురుగా గాజులో అతని ముఖం ఉంది. ఒక అరలో కన్ను, ఒక అరలో మీసం చివర, ఇంకోదాంట్లో చెవి. ముఖం ఎక్కడా దాచలేదు. ఎక్కడా పూర్తిగా ఇవ్వలేదు కూడా. పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చీటింగ్ ఏం కాదులే" అని ఒప్పుకుంది. రంగుల ముందు రెండో నిషేధంగా తెల్ల కాగితాన్ని వెలుగు కోసం వదలకూడదంది. అంటే దీపం కూడా రంగుతోనే రావాలి.

దీనికి కొన్ని సాయంత్రాలు పట్టింది. గువాష్‌తో ఉన్న పేచీ ఏమిటంటే తడిగా ఉన్నప్పటి రంగు ఆరాక ఉండదు. లేత రంగులు ఆరాక కొంచెం ముదురుతాయి, ముదురు రంగులు ఆరాక కొంచెం వెలిసిపోతాయి. వెలుగే విషయమైన బొమ్మలో ఇది రెండు వైపులా దెబ్బ. దీపం మసకబారుతుంది, చీకటి పలచబడుతుంది. అందుకని ప్లేటులో కలిపిన ప్రతి రంగునీ అదే కాగితం అంచు ముక్క మీద ఒక గీత గీసి, ఆరనిచ్చి, పక్కన పెన్సిల్‌తో దేనికోసమో రాసుకున్నాను. ఫ్యాన్ కింద పెడితే తొందరగా ఆరుతుంది గానీ ప్లేటులో రంగు కూడా అంతే తొందరగా గట్టిపడుతుంది. కాకినాడ ఉక్కలో వానాకాలం అయితే ఏదీ ఆరదు.

వెలుగు ఎంత తెల్లగా ఉందన్నది ముఖ్యం కాదని ఈ బొమ్మ దగ్గరే గట్టిగా అర్థమైంది. నా దీపం మధ్యలో ఉన్నది తెలుపులో పిసరంత లెమన్ ఎల్లో. దాన్ని వెలిగించింది చుట్టూ ఉన్నవి. గాజు చట్రాలకు ఎర్రటి గోధుమ రంగు బర్న్ట్ సియెన్నా, బయటి సముద్రానికి అల్ట్రామెరీన్‌లో అదే సియెన్నా కలిపిన నలుపు లాంటి నీలం, మనిషి వీపుకు ఊదా నీడ. అసలు నలుపు ఎక్కడా వేయలేదు. అతని చెవి అంచు, మెడ పక్క, మోచెయ్యి చివర వెలుగు తగిలే చోట మాత్రం సన్నటి నారింజ గీత. ఆ గీతను ఒకే ఊపులో వేయాలి. గువాష్ ఆరిన తర్వాత కూడా నీళ్లు తగిలితే కరుగుతుంది. రెండోసారి బ్రష్ తిప్పితే కింద ఉన్న ఊదా పైకి లేచి నారింజను మురికి చేస్తుంది. బ్రష్‌ను గుడ్డకు బాగా ఒత్తి, రంగును పెరుగంత చిక్కగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగాను. అప్పుడే అమ్మ వచ్చి, "ఇతనికి పెళ్లయిందా?" అని అడిగింది. ఆ ప్రశ్న అప్రస్తుతమేమీ కాదనిపించింది. రాత్రంతా పైన ఒంటరిగా ఉండే మనిషి. కింద మెట్ల దగ్గర ఒక టిఫిన్ క్యారియర్ వేశాను, నాలుగు గిన్నెలది. ఒక్కడికి నాలుగు గిన్నెలు కట్టి పంపేవాళ్లెవరో ఉన్నారు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు సామాను గురించి రెండు మాటలు చెప్తాను. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్ కలర్ కాగితం అయితే నీళ్లకు ఉబ్బి ముడుచుకోవడం తక్కువ. నాలుగు అంచులకూ మాస్కింగ్ టేపు వేసి అట్టకు అంటించండి. రెండు బ్రష్‌లు చాలు, ఒకటి పెద్ద ప్రదేశాలకు, ఒకటి మొన తేలింది. తెలుపు ట్యూబు అన్నిటికంటే ముందు అయిపోతుంది, పెద్దది కొనండి. ప్యాలెట్‌కు పాత పింగాణీ ప్లేటు మించింది లేదు. కంప్యూటర్ మీద వేసేవాళ్లకు క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నల్ల ఆకారాలు వేసి చూసుకోవడానికి నేనూ అప్పుడప్పుడు అదే వాడతాను. రంగులు మాత్రం కాగితం మీదే. అన్‌డూ ఉంటే నాకు నిషేధాలు పనిచేయవు.

ఆఫీసులో ఒకాయన, "మూడు మాటలు టైప్ చేస్తే ఇప్పుడు బొమ్మ దానంతటదే వచ్చేస్తోంది కదండీ, ఇంత శ్రమ ఎందుకు?" అన్నారు. ఆయన ముందే ఫోన్‌లో టైప్ చేసి చూశాను. ఇస్త్రీ చేసే ఆమె, నత్త, బస్సు. మూడూ వచ్చాయి. బండి ముందు ఆమె నవ్వుతోంది, బల్ల మీద నత్త ఉంది, వెనక రోడ్డు మీద బస్సు వెళ్తోంది. ఇచ్చిన మూడు మాటలూ విడివిడిగా, చక్కగా, లైటింగ్ అదిరిపోయేలా. ఆయనకు బాగా నచ్చింది. ఇంటికి వెళ్లి మేనకోడలికి చూపిస్తే, "ఇందులో నేను ఎక్కడ ఆపాలి?" అని అడిగింది.

చేతికి వచ్చే ఆ పాత పిల్ల పూర్తిగా పోలేదు. ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ఇప్పటికీ వస్తుంది. ఈమధ్య ఒకరోజు ఆమెకే చీటీలు తీద్దామని పిల్ల అంది గానీ నేను ఒప్పుకోలేదు. ఎవరో ఒకరు ఖాళీగా ఉండాలి కదా.

ఇప్పుడు బల్ల మీద ఉన్నవి పోస్ట్ మాస్టర్, వెదురు నిచ్చెన, 'అప్పు తీర్చాలి'. మొదటి గడుల్లో ఉత్తరాల గుట్టలు ఎక్కే మనిషిని వేశాను. పిల్ల చూసి, బొమ్మలో ఎక్కడా కాగితం కనపడకూడదంది. కాగితం లేని పోస్టాఫీసు! రెండు రోజులు తిట్టుకుని, మళ్లీ ప్రశ్నల దగ్గరికి వచ్చాను. కాగితాలు తీసేస్తే ఆ మనిషి మీద ఏం మిగులుతుంది? ముద్ర వేసి వేసి ఎడమ దానికంటే కిందికి దిగిన కుడి భుజం, వేలి కొసలకు ఊదా సిరా, లక్క కరిగించినప్పుడు చొక్కా చేతి మీద పడ్డ చిన్న కాలిన మచ్చ. భుజం వరకు గీశాను. నిచ్చెన ఎక్కడ కలుస్తుందో ఇంకా దొరకలేదు. నాన్నను అడిగితే, పేపరు దించకుండా, "గడువు లేదుగా" అన్నారు.